చెంచా చప్పుడు

మహేశ్వరి బియ్యం కడుగుతుండగా ముందు గదిలో ఇనుప మంచానికి చెంచా తగిలిన చప్పుడైంది. ఒక్కసారే. చెయ్యి చీరకు తుడుచుకుని, గ్లాసులో నీళ్లు వంచుకుని గబగబా అక్కడికి చేరింది. గదిలో ఎవరూ లేరు. మంచం కూడా లేదు. మామ భూమన్న పోయి ఏడాది దాటింది, ఆయన మంచం పాత సామాను బండెక్కింది. దాని కాళ్లు ఆనిన చోట గచ్చు మీద తుప్పు మరకలు మాత్రం ఉన్నాయి, ఎంత రుద్దినా పోలేదు. ఆ నీళ్లు తానే తాగేసింది. భయమేసింది. భయం కన్నా ఎక్కువగా, తన కాళ్ల మీద తనకే అసహ్యం వేసింది.

భూమన్న బొగ్గుబాయిలో బెల్లు కొట్టేవాడు. బొగ్గు నింపిన టబ్బులు లాగే ఇనుప తాడు పక్కన చీకట్లో నిలబడి, ఎక్కడో పైన యంత్రం నడిపేవాడికి బెల్లుతోనే మాట చెప్పాలి. రెండు కొడితే దించు, మూడు కొడితే లాగు. నడుస్తున్న తాడుకు ఒక్క బెల్లు పడితే ఆపు. "ఆ ఒక్కటి ఎవలు గొట్టిన్రని అడుగద్దు బిడ్డా. ఆఫీసరు గొట్టినా, కొత్తగొచ్చిన కూలోడు గొట్టినా ఆపాల్సిందే. ఆపకుంటే పానాలు పోతయ్" అని, మంచిగా ఉన్న రోజుల్లో ఆమెకు చెప్పేవాడు. తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చెంచాతో మంచం పట్టీ మీద కొట్టడం అప్పుడే మొదలైంది. ఒకటి కొడితే నీళ్లు, రెండు కొడితే చాయ్, మూడు కొడితే లేపి కూర్చోబెట్టాలి. "మా బాపు తెలివి సూడున్రి, నోరు లేకున్నా ఇల్లు నడిపిస్తుండు" అని ఆమె భర్త కొండల్ వచ్చినవాళ్లందరికీ చెప్పి మురిసిపోయాడు. ఆ తెలివికి కాళ్లూ చేతులూ ఎవరివో ఎవరూ అడగలేదు. మామ మీద ఆమెకు కోపం లేదు, ఆయనకు వేరే దారేముంది. కానీ ఆయన పోయిన తర్వాత ఒకరోజు కొండల్ డ్యూటీ దిగి వచ్చి, సరదాకు స్టీలు గ్లాసుతో బల్ల మీద రెండు కొట్టాడు. ఆమె చాయ్ తెచ్చింది. తండ్రీ కూతురూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సరదా ఇంట్లోనే ఉండిపోయింది, ఇప్పుడు కూతురు భవ్యశ్రీ కూడా ఫోన్లోంచి తలెత్తకుండా కొడుతుంది.

మెట్‌పల్లిలో డిగ్రీ లెక్కలతో పాసైన పిల్ల ఒకతి ఉండేది. ఆ పిల్ల తనేనని గుర్తొచ్చిన రోజున మహేశ్వరి మంచిర్యాలలో కంప్యూటర్ సెంటరుకు వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకుంటానంది. మొదట ఏ లాంగ్వేజీ నేర్చుకోవాలన్నది ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "పైథాన్ తీస్కో అమ్మా, అల్కగుంటది, నువ్వు గూడ నేర్సుకోవచ్చు" అంది కూతురు. ఆ 'నువ్వు గూడ' చాలాసేపు గుచ్చుకుంది. కొండల్ మాత్రం జావా అన్నాడు. "జావా అయితేనే కొలువులు దొరుకుతయని సాగర్ జెప్పిండు." సాగర్ అతనితో పాటు బాయిలో దిగే దోస్తు, కంప్యూటరు మొహం చూసినవాడు కాదు. జావా క్లాసు పొద్దున, పైథాన్ క్లాసు మధ్యాహ్నం. మోకాలు దెబ్బతిన్నప్పటినుంచి కొండల్‌కు ఎప్పుడూ ఫస్టు షిఫ్టే, మధ్యాహ్నం ఇల్లు చేరతాడు. "నేనొచ్చేటాళ్లకు ఇంట్ల మనిషుండాలె గదా" అన్న మాట చివర్లో మెల్లగా బయటపడింది.

ఆమెకు నచ్చింది పైథానే. పేరు రాయించుకోకముందే సెంటరులో రెండూ చూపించారు, పైథాన్ ముందు కూర్చున్నప్పుడు ఏదో తప్పు కొట్టింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఒళ్లు ముడుచుకుపోయింది, ఇక తిట్లు మొదలవుతాయని. ఆ యంత్రం తప్పు ఏ వరుసలో ఉందో చెప్పింది, అంతే. పెంపకం సంగతి ఎత్తలేదు, పుట్టింటివాళ్లను లాగలేదు. మహేశ్వరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకోసారి ఆమె రాసిన ప్రోగ్రాము ఆగకుండా ఒకే మాటను తెర మీద కక్కుతూ పోయింది. చదువు చెప్పే స్పందన వచ్చి చూసి నవ్వింది. "ఎప్పుడు ఆగాల్నో మీరు చెప్పలేదక్కా. చెప్పకుంటే అది తిరుగుతనే ఉంటది, దానికేం తెలుసు పాపం." ఆ మాటకు ఆమె చెవిలో చెంచా చప్పుడైంది. ఒకటంటే ఆపు అని తనకు నేర్పిన మామే, ఆ ఒక్కదాన్నీ నీళ్లకు వాడుకున్నాడు. తన ఇంట్లో ఆగమనే మాటే లేదు.

పేరు రాయించాల్సిన ఆఖరి రోజున కొండల్ డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడుస్తూనే అన్నాడు. "సాగర్ ఫోన్ జేసిండు సెంటరుకు. జావాల నీ పేరు జెప్పిండట. ఇగ ఫికర్ లేదు." కుర్చీలో కూలబడి గ్లాసుతో బల్ల మీద రెండు కొట్టాడు.

ఆమె కాళ్లు లేచాయి. చెయ్యి చాయ్ గిన్నె దాకా వెళ్లింది. అక్కడ చెంచా ఉంది. దాన్ని తీసుకుని ముందు గదిలోకి వచ్చి, కిటికీ ఇనుప చువ్వ మీద కొట్టింది.

ఒక్కటే.

కొండల్ మళ్లీ కొట్టబోతూ ఎత్తిన గ్లాసు గాలిలోనే నిలిచిపోయింది. బాయిలో తాడు యంత్రం నడిపే మనిషి, ఆ ఒక్క చప్పుడుకు మనసు కన్నా ముందు చెయ్యి ఆగుతుంది. "ఏమైందే?" అన్నాడు, నిజంగానే బెదిరి.

"సెంటరుకు నేను గూడ ఫోన్ జేసిన. ఆళ్లే జెప్పిన్రు, సాగరన్న జెప్పింది కొట్టేపిచ్చి పైథాన్ రాయించిన. రేపట్నుంచి గీ యాళ్లకు నేనింట్ల ఉండ. చాయ్ పొయ్యి మీదున్నది, పోస్కో."

అతను చేతిలోని గ్లాసు వంక చూశాడు. మహేశ్వరి చూపు గచ్చు మీది తుప్పు మరకల మీద ఉంది. ఇప్పుడు కొడతాడు మామ, నీళ్లకో, లేపి కూర్చోబెట్టడానికో, తప్పకుండా కొడతాడు అని నిలబడింది. ఏ చప్పుడూ రాలేదు. ఒక్క బెల్లు పడితే ఎవరు కొట్టారని అడగకూడదని ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే.