జూలైలో ఉన్నికోటు

డబ్బిచ్చి మరీ చీకట్లోకి దిగేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ చీకటి నుంచి ఒక్కరోజు తెరిపి దొరికితే చాలని మా ఊరి మగవాళ్లు ఆదివారం కోసం కాచుకుని ఉండేవారు. ఇప్పుడేమో మిషిగన్ నలుమూలల నుంచీ జనం కార్లేసుకుని వస్తారు. హెల్మెట్లు పెట్టుకుని పాత రాగి గనిలోకి దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, పైకొచ్చి మాంసం కూరి కాల్చిన పాస్టీలు తింటారు. టికెట్లు ఇచ్చేదీ పాస్టీలు వేడిచేసేదీ నేనే కాబట్టి నవ్వు లోపలే దాచుకుంటాను.

ఈ వేసవిలో కొత్త మేనేజరు డారెల్ గని గంటను కూడా వాళ్ల చేతికిచ్చాడు. కిందనున్నవాళ్లు పైవాళ్లకు కబురు చెప్పే గంట అది. ఒకసారి మోగితే లిఫ్టు ఆపమని, మూడుసార్లు మోగితే మనుషులు ఎక్కుతున్నారని, తొమ్మిదిసార్లు మోగితే ప్రమాదమని. ఇదంతా బోర్డు మీద రాయించి, కింద 'మీరే మోగించండి' అని పెట్టాడు. పిల్లలు ఒకదానితో సరిపెట్టుకుంటారా? తొమ్మిదే కావాలి.

మొదటిసారి తొమ్మిది మోగిన రోజు మా అమ్మ హిల్యా గని గేటు దగ్గర తేలింది. ఎండ మాడ్చేస్తుంటే చేతిమీద నల్లటి ఉన్నికోటు. ఎవరితోనూ మాట్లాడకుండా గని వైపే చూస్తూ నిలబడింది. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను. మళ్లీ మోగింది, మళ్లీ వచ్చింది, అదే కోటుతో.

నాన్న ఆ గనిలోనే పోయాడు. నేనప్పుడు ఉయ్యాల్లో ఉన్నాను. అందుకే ఊరంతా అనుకున్నదే నేనూ అనుకున్నాను. అమ్మకు మతి తప్పింది, ఆయన కోసం వస్తోంది.

అక్క ఐలాకు ఫోన్ చేస్తే ఒక్కమాటలో తేల్చేసింది. "ఇవాళ గేటు దాకా వచ్చింది. రేపు హైవే ఎక్కితే ఏం చేస్తావే? ఇక్కడ వృద్ధాశ్రమంలో గది చూశాను. శనివారం తీసుకొచ్చెయ్."

డారెల్‌ను బతిమాలాను. "ఆ తొమ్మిదిని బోర్డు మీంచి తీసెయ్యి బాబూ."

"జనం దానికోసమే వస్తున్నారు సెల్మాగారూ. అమ్మగారినే కాస్త ఇంట్లో కూచోబెట్టుకోండి."

"నువ్వొచ్చి కూచోబెట్టు, చూస్తా."

శుక్రవారం మధ్యాహ్నం రెండు జడల పిల్ల ఒకతి తాడు పట్టుకుని వేలాడినంత పనిచేసింది. తొమ్మిదీ మోగాయి. నేను కిటికీలోంచి చూస్తుండగానే అమ్మ వచ్చేసింది. రేపు ప్రయాణం పెట్టుకుని ఇవాళ కూడా ఇదేనా అని నాకు ఒళ్లు మండిపోయి గేటు దగ్గరికి వెళ్లాను.

"ఎవరికోసం వస్తావమ్మా? నాన్న పోయి అరవై ఏళ్లయింది. ఇంక రాడు."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "రాడని నాకు తెలీదటే? ఆయనకి ఆఖరి స్నానం చేయించింది నేనే."

"మరెందుకు?"

"తొమ్మిది మోగితే పొయ్యి మీద పాలున్నా దించేసి రావాలి. అందరం వచ్చేవాళ్లం. ఎవరి మొగుడో పైకి తెచ్చేదాకా తెలీదుగా. ఆ ఇల్లాలు ఒంటరిగా నిలబడకూడదు."

"ఇది పిల్లల ఆటమ్మా."

"తెలుసు. కాళ్లు వినవు."

"ఈ కోటెందుకు మరి?" అన్నాను.

"కబురు వినగానే మనిషి వణికిపోతుంది. నడి ఎండలోనైనా సరే. ఆ రోజు పక్కింటి లెంపి నా భుజాల మీద కప్పిన కోటే ఇది. మళ్లీ తీసుకోలేదు. నీ తర్వాత ఎవరికి అవసరమైతే వాళ్లకి కప్పు అంది. ఆ తర్వాత గని మూసేశారు, ఎవరికీ అవసరపడలేదు."

ఇన్నాళ్లూ ఒక్కరోజైనా నేను ఆ కోటు సంగతి అడగలేదు. నా చేతులు వణుకుతున్నాయి. అమ్మ అది చూసింది. కోటు మడత విప్పి నా భుజాల మీద వేసి, మెడ దగ్గర సర్దింది.

"ఆ రోజు గంటకి నువ్వూ లేచి గుక్కపట్టి ఏడ్చావు. అందరూ నా చుట్టూనే ఉన్నారు, ఉయ్యాల దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. కప్పుకో."

ఆ ఎండలో ఆ కోటుతోనే నిలబడ్డాను. జడల పిల్ల తాడు వదిలేసి మమ్మల్నే చూస్తోంది. చెమటలు కారిపోతున్నా తీయబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే ఐలాకు ఫోన్ చేసి, గది ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను. ఇప్పుడు తొమ్మిది మోగితే టికెట్ల కిటికీ మూసేసి నేనూ గేటు దగ్గరికి వెళ్తున్నాను.