చిల్లులు లేని డబ్బా

మా కుట్టు హాలుకు కిటికీలు లేవు. కప్పు దగ్గర దుమ్ము పట్టిన వెంటిలేటర్లు ఉన్నాయి, అంతే. పగలంతా ట్యూబ్‌లైట్ల కింద తెల్ల చొక్కాలకు కాలర్లు కుట్టీ కుట్టీ నా కళ్లు మండిపోయేవి. ఆ మంట కాస్తా నోటికి ఎక్కేది. పక్క మిషను మా వదినది. ఆమె మొగుడు, అంటే మా అన్నయ్య, అదే హాల్లో మిషన్లు బాగుచేసే మెకానిక్కు. ఇంట్లో తగువు ఇంట్లో వదిలేసి పనికి రావడం మా ముగ్గురికీ రాసిపెట్టి లేదు.

ఒకరోజు వదిన ఖాళీ నూనె డబ్బాలో మట్టి నింపి, అందులో ఒక స్నేక్ ప్లాంటు నాటి తెచ్చింది. హాలు నడుమ స్తంభానికి ఉన్న చెక్క మీద పెట్టింది. నిటారుగా నిలబడ్డ నాలుగాకులు, అదే మొక్క. బాబిన్‌లో దారం అయిపోయినప్పుడల్లా, కొత్తది పెట్టుకునే ముందు, తలెత్తి దాన్నొకసారి చూడండి అని అందరికీ చెప్పింది. నేను ఊరుకుంటానా? రేపటి నుంచి చొక్కాలకు గుండీలకు బదులు ఆకులు కుడదామా అని ఎగతాళి చేశాను. వదిన నవ్వి ఊరుకుంది.

కానీ నా తల కూడా లేవడం మొదలుపెట్టింది. తెలుపు చూసి చూసి అలిసిన కళ్లకు ఆ పచ్చదనం చల్లగా తగిలేది. కొన్నాళ్లకు హాలంతా అదే తీరు. బాబిన్ అయిపోయిందంటే తల లేచేది. తల లేస్తే పక్కవాళ్ల ముఖం కనబడేది, ముఖం కనబడితే ఒక మాట పుట్టేది. గుండీలకు కాజాలు కుట్టే కాజాల పిన్ని రోజూ మింగే తలనొప్పి మాత్ర సంగతే మరిచిపోయింది. బట్ట కత్తిరించే, ఎవరితోనూ పొసగని కత్తెర మామ మొక్కకు కొత్త ఆకు వచ్చిందని మా అందరికీ తిరిగి తిరిగి చెప్పాడు. సొంత మనవడు పుట్టినప్పుడు కూడా అంత హడావిడి చేయలేదు.

డబ్బా అడుగున రెండు చిల్లులు పెట్టమని వదిన అన్నయ్యను అడుగుతూనే ఉండేది. డ్రిల్లు మిషను ఎప్పుడూ అతని సంచిలోనే ఉండేది. రేపు పెడతాలే అనేవాడు. ఆ రేపు క్యాలెండర్లో లేదులే వదినా అని నేను ఉడికించేదాన్ని. మొక్కకు నీళ్లు మాత్రం ఆమె ఎవరినీ పోయనిచ్చేది కాదు.

వదినకు వచ్చింది మామూలు జ్వరమే అనుకున్నాం. అదే ఆమెను తీసుకుపోయింది.

అన్నయ్య మళ్లీ పనిలోకి వచ్చాడు గానీ మనిషి రాలేదు. ఇంట్లో మాట లేదు, పెట్టింది తింటే తిన్నట్టు, లేకపోతే లేదు. పొద్దున్నే హాల్లోకి రాగానే మాత్రం మొక్క దగ్గర నిలబడి, వదిన చేసినట్టే, గుడ్డముక్కతో ఒక్కో ఆకూ తుడిచేవాడు. ఆ కాసేపే అతని ముఖం మా అన్నయ్య ముఖంలా ఉండేది. ఈ మొక్కకు ఏమన్నా అయితే ఇతను నాకు దక్కడని భయం పట్టుకుంది. అందుకే అతను చూడకుండా, నా సీసాలో నీళ్లు దానికి పోయడం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకు ఆకులు పసుపు తిరిగాయి. పాపం దాహమేమో అని ఇంకాస్త పోశాను. చివరికి ఒక పొద్దున అన్నయ్య గుడ్డ తగలగానే ఆకు మొదలంటా ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. రెండోది కూడా అంతే. డబ్బా ఎత్తి వంచాడు. నల్లటి నీళ్లు, కుళ్లు వాసన. నేల మీద ఆ మడుగు చుట్టూ మేమంతా నిలబడ్డాం.

నేనే పోశానన్నాను. నేనూ రోజూ పోశానంది కాజాల పిన్ని. కత్తెర మామ తల దించుకుని, మధ్యాహ్నం తన వంతని గొణిగాడు. ఒక్కొక్కరే బయటపడ్డారు. హాలు హాలంతా, ఒకరికి తెలియకుండా ఒకరం, అన్నయ్య కోసం ఆ మొక్కను నీళ్లలో ముంచి చంపేశాం. మిగిలిన ఆకులను ముక్కలుగా కోసి వేరే కుండీలో గుచ్చితే అవీ మెత్తబడిపోయాయి. పోనీ ప్లాస్టిక్ మొక్క పెడదామన్నాడు సూపర్‌వైజరు. నేను చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అన్నయ్య డబ్బా కడిగాడు. నా మిషను పక్కనే, వదిన స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ తప్పేం లేదమ్మా. నీళ్లు దిగే దారి లేదు దీనికి," అన్నాడు. ఆమె పోయాక అతను నాతో అన్న మొదటి మాట అదే. "రెండే చిల్లులు అడిగింది."

సంచిలోంచి డ్రిల్లు తీసి, డబ్బా బోర్లించి, ఒకటి పెట్టాడు. రెండోది పెట్టాడు. లేచి ఖాళీ డబ్బాను స్తంభం చెక్క మీద ఎప్పటిచోటే పెట్టి వచ్చాడు.

అప్పుడే నా బాబిన్ అయిపోయింది. తల తనంతట తనే లేచింది. ఎదురు వరసలో మరో రెండు తలలు లేచాయి, అటే చూసి, మెల్లగా దిగిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆ రెండు చిల్లులకూ కలిపి, బాబిన్ మార్చేంతసేపు కూడా పట్టలేదు.