బావ నర్సరీలో తనిఖీ

తనిఖీ జాబితాలో మూడో పేరు చూడగానే ఇన్‌స్పెక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. అది ఆమె బావ నర్సరీ.

నాలుగేళ్ల క్రితం ఆమెకూ ఒక నర్సరీ ఉండేది. బావ తన చెట్టు నుంచి కోసిచ్చిన కొమ్మలతోనే బత్తాయి అంట్లు కట్టింది. ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతుంటే, "జింకు లోపం, అంతే" అన్నాడు. నువ్వుగింజంత పురుగు ఆ ఆకుల రసం పీల్చి మొక్క నుంచి మొక్కకు తెగులు అంటించింది. అధికారులొచ్చి మొక్కలన్నీ పీకి తగలబెట్టారు. "నీకు చేతకాక మా మీద పడి ఏడుస్తావేం?" అంది అక్క.

ఈ ఉద్యోగంలో చేరాక పాత ఫైళ్లలో ల్యాబు కాగితం కనపడింది. కొమ్మలు కోసిచ్చిన ఆ చెట్టుకు తెగులుందని బావకు ముందే తెలుసు!

గేటు దగ్గర బావ ఎదురొచ్చాడు. "ఏం మరదలా, దారి తప్పావా?"

"తనిఖీకి వచ్చానండీ. తాళాలివ్వండి."

'అండీ' అనేసరికి అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

మొదటి షెడ్డు వల చిరిగి ఉంది. పసుపు జిగురు అట్టకు అవే పురుగులు అంటుకుని ఉన్నాయి. "జింకు లోపం..." అనబోయి బావ నాలుక కరుచుకున్నాడు. ఆమె ఆకులు కోసి సంచిలో వేసుకుంది.

రెండో షెడ్డుకు వరసగా రెండు తలుపులు. లోపలి నుంచి అక్క గొంతు: "కోటు మార్చుకుని రా."

ఒక్క పురుగైనా దొరకాలని భూతద్దంతో గంటసేపు వెతికింది. దొరకలేదు.

"ఎవరు చూస్తున్నారు దీన్ని?"

"నేనే. ఆయన్ని రానివ్వను. ఆ షెడ్డులో తిరిగిన బట్టలతోనే వచ్చేస్తాడు." అక్క తల దించుకుంది. "బీరువాలో ఆ చెట్టు ల్యాబు కాగితం నాకు దొరికిందే. నీకు మొహం చూపించలేకపోయాను."

ఆమె అక్కడి ఆకులూ కోసి ఇంకో సంచిలో వేసుకుంది. జీపులో కూర్చున్నాక సంచులకేసి చూసింది. మొదటి షెడ్డు ఆకు ఒకటి రెండో సంచిలో వేస్తే చాలు, బావ పని సరి. చెయ్యి సంచి దాకా వెళ్లింది. కానీ అబద్ధం రాస్తే తనకూ అతనికీ తేడా ఏముంది? రెండింటికీ సీలు వేసింది.

ల్యాబులో మొదటి షెడ్డుకు తెగులు తేలింది. రెండోది శుభ్రం.

బావ ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు. "రెండో షెడ్డన్నా వదిలెయ్, మరదలా."

"వదిలేశాగా. తెగులు దాచినవాళ్లకు లైసెన్సు ఉండదు. ఆ షెడ్డు లైసెన్సు అక్క పేరు మీద రాశాను."

"నా షెడ్డులోకి నేను వెళ్లకూడదా?"

"అక్క ఒప్పుకుంటే కూలీగా వెళ్లండి. కోటు మార్చుకుని."

పురుగు పక్క తోటలకు ఎగిరిపోకుండా ముందు మందు కొట్టించింది. తర్వాత మొదటి షెడ్డులోని ప్రతి మొక్కనూ బావ చేతనే పీకించి మంటలో వేయించింది. మంట ఆరేదాకా ఎండలో నిలబడే ఉంది. కసి తీరింది. అతని మీద వీసమెత్తు జాలి కలగలేదు.

అక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి, గ్లాసు చేతికిచ్చి జీపెక్కింది. అక్క మీద కోపం ఇంకా మిగిలే ఉంది.