మొగ కాపలా

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర సన్నకన్ను వల వెయ్యకూడదని ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకుంది. చేపపిల్లలు పెరిగేది అక్కడే. వాటిని దోమతెరలాంటి వలలతో ఊడ్చేసి, ఎండబెట్టి కోళ్ల మేతకి అమ్ముకోవడం మొదలయ్యాక ఒడ్డున చేప కరువైంది. మగాళ్లు సగం మంది గుజరాత్ బోట్ల మీద కూలికి పోయారు. ఊరి పెద్ద జోగయ్య ఆ రోజు గట్టిగానే చెప్పాడు. "ఎవుడు ఏసినా వల కాల్సీడమే. నా ఇంటోడైనా సరే."

ఆ ఏడాదే, మొగ దగ్గర ఊరు పెట్టిన కాపలావాళ్లు పట్టుకొచ్చింది ఆయన సొంత తమ్ముడు ధనరాజుని.

పొద్దున్నే ఇసకలో వల కుప్పగా పడుంది. లోపల గోరంత చేపపిల్లలు ఇంకా కొట్టుకుంటున్నాయి. ధనరాజు తల వంచలేదు.

"ఎన్నిసార్లు ఏటకెల్లినా ఒట్టి సేతుల్తోనే వస్తన్నాను అన్నియ్యా. పిల్లగుంటలకేటి ఎట్టమంటావు?"

"నన్నడగాల్సిందిరా. నానేటి సచ్చిపోనానా?"

"నీ ఇంట్లో మాత్రం ఏటున్నాది?"

ఊరు చూస్తోంది. జోగయ్య డీజిల్ పోసి అగ్గిపుల్ల తనే గీశాడు. నైలాను నల్లటి పొగతో ముద్దగా కరిగిపోయింది. ధనరాజు భార్య అమ్మడు గుమ్మంలో నిలబడి చూసింది.

వల లేనివాడికి ఊళ్లో పనేముంది? ధనరాజు కూడా రైలెక్కి గుజరాత్ పోయాడు. దీపావళి దాటాక, తుపానులో బోటు మీంచి పడిపోయాడని అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. శవం దొరకలేదు. అతని చొక్కా ఒకటి పెట్టి కర్మ చేశారు.

మరుసటేడు మొగలోకి చేప తిరిగొచ్చింది. జోగయ్య గంపెడు తీసుకెళ్లి అమ్మడు గడపలో పెట్టాడు.

"పట్టుకుపో బావా," అందామె. "ఈ మొగ సేప నాను తిన్ను, అమ్మను."

పక్కఊరి రేవుకి నడిచిపోయి, అక్కడి చేప తెచ్చి అమ్ముకునేది.

చలికాలంలో ఎల్లాజీ అనేవాడు సన్నకన్ను వలతో దొరికాడు. ఇద్దరు పసిపిల్లల తండ్రి. జోగయ్య కాళ్లు పట్టుకున్నాడు. జోగయ్య కాపలావాళ్ల వైపు తిరిగాడు.

"ఈసారికి ఒగ్గీండిరా. ఇంకో పాణం నాకొద్దు," అన్నాడు.

జనంలోంచి అమ్మడు ముందుకొచ్చింది.

"ఒగ్గీమంటావేటి? మరి మా ఆయన వల ఎందుకు కాల్సినావు?"

"అది తప్పయిపోనాదమ్మా."

"ఇప్పుడు తప్పంటే ఆయన ఊరకే సచ్చిపోనట్టే కదా బావా!"

ఆమె ఎల్లాజీ వైపు తిరిగింది. "నీ వల కాలతాది. నువ్వు మాత్రం గుజరాత్ ఎల్లకు. మా తెప్ప కాళీగా ఉన్నాది, తీసుకెల్లు. పెద్దకన్ను వల ఊరు కొనిస్తాది. ఆయనకి ఎవులూ ఇయ్యనేదు."

జోగయ్య అగ్గిపెట్టె తియ్యలేకపోయాడు. అమ్మడే గీసింది. ఎల్లాజీ పెళ్లాం ఇసక దోసిళ్లతో ఎత్తి ఆమె మీద పోసి శాపనార్థాలు పెట్టింది. అమ్మడు కదలకుండా పోయించుకుంది.

వల కాలినవాడికి ఊరే వేరే వల ఇవ్వాలని అప్పణ్ణుంచి కట్టుబాటులో చేరింది. జోగయ్య పెద్దరికం వదిలేసి, మొగ కాపలాలో మామూలు మనిషిగా కూర్చుంటున్నాడు. అమ్మడు ఆ దారినే రేవుకి పోతుంది. ఆయన్ని పలకరించదు.