నాలుగో రాయి

ఏప్రిల్ వచ్చిందంటే మొగలిపేటలో అందరికీ ఒకటే పని. బుట్టలు పట్టుకుని జీడితోటల్లోకి దిగడం, రాలిన పళ్ళ నుంచి పిక్కలు మెలిపెట్టి తీయడం, పళ్ళను గేదెల ముందు పడేయడం. పూండి స్టేషన్లో రైలు దిగి సముద్రం వైపు ఆరు కిలోమీటర్లు వచ్చినవాళ్ళకి ఊరు కనపడకముందే ఆ పళ్ళ వాసన తగులుతుంది. ఆ ఉదయం ధనరాజు తోటలో అతని భార్య భవాని పిక్కలేరుతోంది. కూతురు ప్రవల్లిక మాత్రం మూడు కాళ్ళ స్టాండు మీద సర్వే మిషను బిగించి, ఒక కన్ను మూసి, దూరంగా చందన పట్టుకుని నిలబడ్డ కర్ర వైపు చూస్తోంది. అదే కొలత తియ్యడం అది అయిదోసారి.

చందనది కోటబొమ్మాళి. ఇద్దరూ యూనివర్సిటీలో భూ సర్వే, మ్యాపింగు డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారు. చందన ప్రాజెక్టు పోయిన వారమే అయిపోయింది, స్నేహితురాలికి సాయం వచ్చింది. ప్రవల్లిక నాలుగేళ్ళ చదువు ఒక్క పటం దగ్గర ఆగి ఉంది. ఏదో ఒక తోటను కొలిచి, పాత సర్వే పటం మీద ఆ కొత్త కొలతలు కూర్చోబెట్టి చూపించాలి. తేడా బెత్తెడు దాటకూడదు. పోయినేడు టైఫాయిడ్ వచ్చి ఈ పని సగంలో వదిలేసింది. ఈసారి కూడా పోతే గడువు ముగిసిపోతుంది, డిగ్రీ లేదు, నాలుగేళ్ళూ గంగపాలే. మర్నాడు పదింటికి గైడు అప్పలస్వామి వచ్చి పటం సరిచూస్తాడు.

సొంత తోటయితే సులువని దీన్ని ఎంచుకుంది. తేలికనుకున్నదే తలకు చుట్టుకుంది. తోటకు నాలుగు మూలలా నాలుగు సర్వే రాళ్ళు. మూడింటిని ఇసకలో గునపంతో పొడిచి వెతికి పట్టుకుంది, మూడూ పాత పటంతో గీత గీసినట్టు కలిశాయి. నాలుగోది వెతకనక్కర్లేదు, కొబ్బరిచెట్టు మొదట్లో పైకే కనిపిస్తూ ఉంది. అది మాత్రం ఆరు మీటర్లు పడమటికి వస్తోంది. మిషను మార్చినా, కర్ర మార్చినా, మనిషి మారినా అదే ఆరు మీటర్లు.

ఫోన్లో చెబితే అప్పలస్వామి గారు విసుక్కున్నాడు. ఆయన ముప్పయ్యేళ్ళు సర్వే గొలుసు లాగి భూములు కొలిచినవాడు. "మనిషి అబద్ధమాడతాడమ్మా, కాగితం అబద్ధమాడుతుంది, రాయి ఆడదు. తప్పు నీ దగ్గరే ఉంది, వెతుక్కో," అని పెట్టేశాడు.

ఇక ఆ కొబ్బరిచెట్టు సంగతి. అది నడుస్తుంది. రోజూ కాదు, ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు. ప్రవల్లిక తాత పోయినప్పుడు కళ్ళం దాకా వచ్చి నిలబడి, పదకొండో రోజు కాగానే వెళ్ళిపోయింది. ఒక వేసవి మొత్తం పక్క తోటలో గడిపింది. ఏ తోటలో నిలబడితే ఆ తోటవాళ్ళు కాయలు దింపుకోవాలని ఊరి కట్టుబాటు, దాని మీద తగువెప్పుడూ రాలేదు. ఎందుకంటే ఎక్కడ తిరిగినా చివరికి తన రాయి దగ్గరికే వచ్చి నిలబడేది.

తగువు వచ్చింది తిత్లీ తుఫాను తరవాత. ఆ తెల్లవారుజామున వీచిన గాలికి ఈ ఉద్దానం ప్రాంతమంతా కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడుకున్నాయి. కంచెలు లేవు, గట్లు లేవు, ఎవరి తోట ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి పుల్లముక్క మిగల్లేదు. నిలబడి ఉన్నది ఆ చెట్టొక్కటే, దాని కాళ్ళ దగ్గర రాయి. చెట్టు పడమటికి నడవడం కిటికీలోంచి చూశానని పడమటి పక్క తోట నారాయణమ్మ చెప్పింది. నడిస్తే నడిచింది, మళ్ళీ రాయి దగ్గరికి వచ్చేసింది కదా అని ఊరంతా అంది. ధనరాజు ఆ రాయి నుంచే కంచె వేశాడు. నాలుగున్నర సెంట్లు పోయాయని నారాయణమ్మ గోల పెడితే, పదిమంది ముందు రాయి మీద చెయ్యేసి, దీన్ని నేను కదపలేదని ఒట్టేశాడు. నిజంగానే కదపలేదు. ఆ మూలలోనే బోరు వేయించాడు, నీళ్ళు పడ్డాయి, అతని తోట మళ్ళీ లేచింది.

నారాయణమ్మ పరువు మాత్రం ఆ రోజే పడిపోయింది. రాయి మీద ఒట్టు వేసిన మనిషిని దొంగంటావా అని ఊరు ఆమెను పేరంటాలకు పిలవడం మానేసింది. ఒంటరి ఆడమనిషి, నీళ్ళు లేక నాటిన మొక్కలన్నీ ఎండిపోయాయి. ఆరేళ్ళ పైనుంచీ పొద్దున్నే ఆటో ఎక్కి పలాస జీడి ఫ్యాక్టరీకి పోయి పిక్కలు కొట్టుకుంటోంది. జీడి సొనకు ఆమె వేళ్ళు నల్లబడి ఉంటాయి. వరసకు వదిన అయినా ధనరాజు ఆమెతో మాట్లాడడు.

మధ్యాహ్నం చెట్టు నీడలో కూర్చుని చందన విషయం తేల్చేసింది. "మిషను మూడోసారి నిలబెట్టిన చోట కోణం కొంచెం మార్చేద్దాం. అన్నీ కలిసిపోతాయి. మీ నాన్న కంచె కంచే, నీ డిగ్రీ డిగ్రీ. ఎవరికి నష్టం?"

ప్రవల్లిక కొలతలు రాసుకునే ఫీల్డుబుక్కు తెరిచింది. ఆమెకు భయంగా ఉంది, డిగ్రీ లేకుండా హాస్టలు గది ఖాళీ చెయ్యాలి, మళ్ళీ అమ్మ ముందు తలదించుకోవాలి. ఫీల్డుబుక్కులో రాసింది చెరపకూడదు, తప్పయితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం చెయ్యాలి. ఆమె నిజమైన అంకె మీద గీత కొట్టింది. పక్కన దొంగ అంకె రాసి సంతకం చేసింది. ఒక్క నిమిషం దాన్ని చూసింది. దాని మీదా గీత కొట్టి మొదటి అంకే మళ్ళీ రాసి, మళ్ళీ సంతకం చేసింది.

"సారు అడిగితే ఏం చెప్తావే?" అంది చందన.

ప్రవల్లిక లేచి గునపం తీసుకుంది. పాత రోజుల్లో సర్వేవాళ్ళు మూలరాయి పాతేటప్పుడు కింద గుప్పెడు బొగ్గు వేసేవాళ్ళని అప్పలస్వామి గారే పాఠంలో చెప్పాడు. రాయి పోయినా బొగ్గు చివికిపోదు. పాత పటం ప్రకారం నాలుగో రాయి ఎక్కడుండాలో మిషనుతో గురి చూసుకుని, చెట్టు దగ్గర్నుంచి బోరు దాటి తూర్పుకు ఆరు మీటర్లు నడిచి, అక్కడ తవ్వింది. మోచేయి లోతులో చేతికి నల్లటి బొగ్గు తగిలింది. తవ్విన ఇసకలోకి రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చుండిపోయింది. రాయి కదిలింది. నాన్న కదపలేదు. తుఫాను గాలికి భయపడి చెట్టు, పిల్లను చంకనేసుకున్నట్టు, రాయిని వేళ్ళతో పట్టుకుని మరీ నడిచింది. చెట్టు నడుస్తుందని అందరికీ తెలుసు. రాయిని కూడా పట్టుకుపోతుందని ఒక్కరికీ తోచలేదు.

సాయంత్రం తండ్రికి చెప్పింది. ధనరాజు బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. అంతా విని మోటారు ఆపేశాడు.

"అయితే నాను దాని బూమి తిన్నానంతావు," అన్నాడు.

"నువ్వు తిన్నావన్లేదు నాన్నా. సెట్టు పట్టుకెల్లిపోయిందంతన్నాను."

"పదిమంది ముందర ఒట్టేసినాను. ఆ ఒట్టు అబద్దమని నా కూతురే కాయితం మీద రాత్తే, నాను ఊల్లో ఎలాగ తిరగాల? బోరు ఆ పక్కకి ఎల్లిపోతే తోటకి నీల్లేటి?"

"రాయకపోతే నా సదువు పోద్ది."

ధనరాజు తడికాళ్ళతోనే ఇంటి వైపు నడిచాడు. రాత్రి అన్నాల దగ్గర భవాని ఇద్దరి మొహాలూ చూసి కూర మారు వడ్డించడం కూడా మర్చిపోయింది.

మర్నాడు అప్పలస్వామి గారు పదికి పది నిమిషాల ముందే ఆటో దిగాడు. సర్వే మిషను నిలబడిందంటే ఊళ్ళో పనున్నవాళ్ళూ లేనివాళ్ళూ చేరతారు, ఇరవైమంది దాకా చేరారు. నారాయణమ్మ ఆ రోజు ఫ్యాక్టరీకి పోలేదు. కంచెకు అవతల, కొంగు బిగించుకుని నిలబడింది. ధనరాజు బోరు గట్టు మీద కూర్చుని నేల చూపులు చూస్తున్నాడు.

అప్పలస్వామి గారు ముందు చెట్టు గురించి అడిగాడు. ఎప్పుడెప్పుడు నడిచింది, ఎటు నడిచింది అని తేదీలు రాసుకున్నాడు. సోంపేట వైపు ఇలాంటివి రెండు చూశానన్నాడు. తరవాత ఫీల్డుబుక్కు తెరిచి, మూడు అంకెలూ రెండు గీతలూ ఉన్న పేజీ దగ్గర ఆగిపోయాడు.

"ఇదేమిటి?"

ప్రవల్లిక ఒక్కో అంకె మీదా వేలు పెట్టి చూపించింది. "మొదటిది నిజం సార్. రెండోది అబద్ధం, లెక్క కలవాలని రాశాను. మూడోది మళ్ళీ నిజం."

ఊరివాళ్ళ ముందు ఆ మాట అన్నందుకు ఆమె చెవులు మండిపోయాయి. అప్పలస్వామి గారు పుస్తకం మూశాడు. ఆమె బొగ్గు గుంట చూపించింది. ఆయన వంగి చూశాడు, వేళ్ళతో నలిపి చూశాడు, నిలబడి చేతులు దులుపుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ భయం పుట్టించింది.

"బొగ్గు ప్రతి పొయ్యిలోనూ ఉంటుందమ్మా. ఒకసారి అబద్ధపు అంకె రాసిన చెయ్యి, గుంటలో బొగ్గు వెయ్యదని నేనెలా నమ్మాలి? చెట్టు నడవడం వేరు, రాయి కదలడం వేరు. రాయి ఇక్కడుంది, నీ పటం అక్కడుందంటోంది. నేను సంతకం పెట్టలేను."

ప్రవల్లిక స్టాండు కాలు పట్టుకుని నిలబడింది. ధనరాజుకు ఇప్పుడు నోరు మెదపాల్సిన పనే లేదు. కూర్చున్నచోటే కూర్చుంటే కంచె ఉంటుంది, బోరు ఉంటుంది, ఒట్టు ఉంటుంది. అతను కూతురి మొహం వైపు చూశాడు. కాసేపటికి లేచి, గునపం అందుకుని, చెట్టు దగ్గరికి వచ్చి, తాను చెయ్యేసి ఒట్టేసిన రాయి పక్కనే తవ్వడం మొదలుపెట్టాడు.

ఇసక తేలిగ్గానే వచ్చింది. జానెడు లోతులో వేళ్ళు కనిపించాయి. అతను గునపం పక్కన పడేసి చేత్తో తోడాడు. రాయి చుట్టూ, రాయి కింద, సందు లేకుండా వేళ్ళు అల్లుకుని ఉన్నాయి. కింద బొగ్గు లేదు. చెయ్యి రాయి అడుక్కి పోనిచ్చి అటూ ఇటూ కదిపితే రాయి, వేళ్ళు కలిసి కదిలాయి.

ధనరాజు మోకాళ్ళ మీద అలాగే ఉండి అన్నాడు. "సారూ, రాయి బూమిలో నేదు. సెట్టు సేతిలో ఉన్నాది. నా ఒట్టు తప్పు. నా గుంటపిల్ల రాసిందే నిజం."

కంచెకు అవతల నారాయణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చెట్టు కదిలింది. గాలేమీ లేదు. ముందు ఆకులు ఒక్కసారి గలగలమన్నాయి, తరవాత మొదలు కొంచెం పైకి లేచింది. దానికి దారి ఇవ్వడం ఆ ఊరివాళ్ళకు తెలుసు, పిల్లల్ని పక్కకు లాక్కుని రెండుగా చీలి నిలబడ్డారు. ధనరాజు కూడా వెనక్కి జరిగాడు. చెట్టు రాయిని పట్టుకునే, తొందరేమీ లేకుండా, తడి ఇసకలో ముసలమ్మ నడిచినట్టు ఆగి ఆగి నడిచింది. బోరు పక్కనుంచి పోయింది. ప్రవల్లిక తవ్విన గుంట దగ్గరికి వచ్చి నిలిచి, ఒక పక్కకు ఒరిగి, వేళ్ళు గుంటలోకి దింపింది. బొగ్గు మీద రాయి దిగిన చప్పుడు అందరికీ వినపడింది.

"టైమెంత? పదకొండూ ఇరవై. రాసుకో," అన్నాడు అప్పలస్వామి గారు. "ఇప్పుడు కొలువు. నేనే చూస్తాను."

చందన కర్ర పట్టుకుని పరిగెత్తింది. మిషను మట్టం చెయ్యడానికి ప్రవల్లికకు మూడుసార్లు పట్టింది. ఆయన కన్ను పెట్టి చూశాడు, అంకె చదివాడు, పాత పటం తీసి పోల్చాడు. తేడా రెండు వేళ్ళ మందం. ఆయన జేబులోంచి పెన్ను తీసి పటం మీద సంతకం పెట్టాడు, తేదీ వేశాడు. ఫీల్డుబుక్కులో ఆ మూడు అంకెల పేజీ కూడా తెరిచి, మూడో సంతకం పక్కన తన సంతకం పెట్టాడు. ప్రవల్లిక ఏడ్చేసింది.

పటం మీద హద్దు గీత ఇప్పుడు బోరుకు తూర్పున పోతోంది. ఆ గీత ఎక్కడో నేల మీద చూపించడానికి టేపు లాగాలి. ఒక కొస ప్రవల్లిక పట్టుకుంది. రెండో కొస ఎవరూ అడక్కుండానే ధనరాజు తీసుకుని, తన కంచె దగ్గర్నుంచి, తన బోరు దాటి వెళ్ళి రాయి మీద ఆనించి పట్టుకున్నాడు. అదే రాయి, అదే చెయ్యి. మేకులు దిగాయి. బోరు నారాయణమ్మ భూమిలో పడింది.

ఆమె కంచె తోసుకుని వచ్చి బోరు ముందు నిలబడింది. ఆరేళ్ళుగా ఈ రోజు కోసం దాచుకున్నదంతా చెబుతుందని ఊరు చెవులు రిక్కించింది. ఆమె మోటారు పెట్టె మీద నల్లబడ్డ వేళ్ళు ఆనించి, ధనరాజు వైపు తిరిగింది.

"నీ తోట ఎండబెట్టను," అంది. "నీల్లు కావాలంతే ఇత్తాను. అయితే ఊరికినే కాదు, నోరు తెరిసి అడగాల."

ధనరాజు టేపు కొస ఇంకా వదల్లేదు. భవాని పిక్కల బుట్ట కింద పెట్టి చూస్తోంది. ప్రవల్లిక చూస్తోంది. అతను టేపు కొస కింద పెట్టాడు.

"వదినా," అన్నాడు. "పొద్దున్నించీ మొక్కలకి తడి నేదు. ఒక గంట నీల్లిత్తావా?"

నారాయణమ్మ ఊరివాళ్ళ వైపు తిరిగింది. అందరూ ఆ మాట విన్నారో లేదో అన్నట్టు ఒక్కొక్కరి మొహమూ చూసింది. తరవాత మోటారు వేసింది.