ఎల్విన్ పెట్టిన కొక్కెం

మార్చి నెల మొదటి మంగళవారం ఊరి సభ. అమెరికాలో, వెర్మాంట్ కొండల్లో ఏ ఊళ్ళోనైనా అంతే. పొద్దుటంతా రోడ్ల గతుకుల గురించి ఒకరినొకరు దులిపేసుకున్న జనం, మధ్యాహ్నానికి అదే హాల్లో పక్కపక్కనే కూర్చుని, మేపుల్ చెట్ల రసం కాచిన పాకంలో ఉడికిన బీన్స్ లాగిస్తున్నారు. వెర్నాకు మాత్రం ముద్ద దిగడం లేదు. ఎదుటి బల్ల దగ్గర పొరుగింటి ముసలి హార్లన్ గొంతు సవరించుకుని లేచాడు. అతను అలా లేచాడంటే వెర్నా తండ్రి ఎల్విన్ మళ్ళీ ఒకసారి చావబోతున్నాడన్నమాట.

"దుంగ మొండికేసింది. ఎల్విన్ దానికంటే మొండోడు. ట్రాక్టరు ముందు చక్రాలు ఆకాశంలోకి లేచినా స్టీరింగు వదల్లేదు. వెనక్కి పడ్డాడు, పోయాడు. మగాడి చావు. మేం ఆ ట్రాక్టర్ని పైకెత్తి నిలబెట్టి, నూనె పోసి, ఇలా నొక్కామో లేదో..."

"మొదటిసారికే స్టార్టయింది" అని హాలంతా అందుకుంది. చప్పట్లు కొట్టింది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఎల్విన్ కళ్ళు ఏటేటా పెరిగి ఇప్పుడు పళ్ళెమంత అయ్యాయి. వెర్నా ఫోర్కు కింద పెట్టేసింది. దుప్పటి కప్పిన మనిషి ఇంకా మంచు మీదే ఉండగా, పక్కనే నిలబడి ఇంజను బాగుందా లేదా చూసుకున్న మనుషులు వీళ్ళు. అది చెప్పుకోవడానికి సిగ్గు లేదు సరికదా, బీన్స్ నములుతూ చెప్పుకుంటారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆమె తమ్ముడు ఓరిన్ లేచి, "గాలివానకి పడ్డ పెద్ద మేపుల్‌ని రేపు లాగేస్తున్నా. నాన్న కొక్కేనికే కట్టి లాగుతా" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. హార్లన్ అతని వీపు తట్టాడు.

ఆ చెట్టు వాళ్ళ మేపుల్ తోటలో, పల్లంలో, రసం పోగుచేసే తొట్టి బండి తిరిగే బాటకు అడ్డంగా పడి ఉంది. రేపో మాపో చెట్లలో రసం దిగుతుంది. బాట తెరుచుకోకపోతే ఈ ఏటి పంట నేలపాలు. కాబట్టి దుంగని లాగాల్సిందే. దాంట్లో పేచీ లేదు. పేచీ అంతా కొక్కెంతోనే.

ఓరిన్ కంటే వయసులో పెద్దది ఆ బూడిద రంగు ట్రాక్టరు. చిన్నది, తేలిక. దుంగలు లాగడానికి వెనక అడుగున ఇనప కడ్డీ ఉంటుంది. ఎల్విన్‌కు అది నచ్చలేదు. సీటు కింద, వెనక ఇరుసుకు జానెడు పైన, రెండు బోల్టులతో ఒక కొక్కెం బిగించాడు. అక్కడ కడితే దుంగ మూతి పైకి లేచి నేలలో దిగబడదని ఆయన లెక్క. లేస్తుంది కూడా, ఏదీ అడ్డం రానంత కాలం. అడ్డం వచ్చిన రోజు ట్రాక్టరే లేచింది. అయినా ఓరిన్ ఆ కొక్కెం తియ్యలేదు. తండ్రి ఛాతీకి గుచ్చుకుని వంగిన స్టీరింగు చక్రాన్ని కూడా మార్చలేదు. దాన్ని గుడ్డతో తుడుచుకుంటాడు. ఆ తుడవడం చూస్తే వెర్నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మర్నాడు నేల ఇంకా గడ్డకట్టి ఉండగానే ఆమె తోటకు వెళ్ళింది. పొలంలో రాళ్ళు ఏరి లాక్కెళ్ళే చెక్క బల్లని తన బండి వెనక వేసుకొచ్చింది. ఓరిన్ అప్పటికే గొలుసు పై కొక్కేనికి తగిలించేశాడు. హార్లన్ కాఫీ గ్లాసు పట్టుకుని, జాతర చూడ్డానికి వచ్చినవాడిలా తన బండి బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు.

"గొలుసు కింద కడ్డీకి తగిలించరా. దుంగ మూతి ఈ బల్ల మీదకి ఎక్కిద్దాం. నేలలో దిగబడదు" అంది వెర్నా.

"పైన కడితే ఆ బల్లతో పనే లేదుగా. నాన్న ఊరికే పెట్టాడా దీన్ని?"

"ఊరికే పెట్టలేదు. చావడానికి పెట్టాడు."

"ఆ రోజు మొద్దు అడ్డం వచ్చింది వెర్నా. లేకపోతే..."

"మొద్దు అడ్డం రాక ఏమొస్తుంది? ఇది తోటరా, డాన్సు హాలు కాదు. కింద కట్టావనుకో, దుంగ ఆగిపోతే చక్రాలు గిర్రున తిరుగుతాయి, అంతే. పైన కడితే దుంగ ఆగినప్పుడు ట్రాక్టరు నీ మీదకొస్తుంది. అప్పుడు నీ పెళ్ళానికి నేనేం చెప్పను? మొదటిసారికే స్టార్టయిందని చెప్పనా?"

హార్లన్ ఇకిలించాడు. "ఒరే ఓరిన్, మీ అక్క చెప్పినట్టు చేస్తే దుంగని దారం కట్టి లాగాలి. దుప్పటి కూడా కప్పమంటుందేమో, దానికి చలేస్తుందని."

ఆ మాటతో ఓరిన్ ముఖం ఎర్రబడింది. అక్క ముందు తగ్గేవాడేమో గానీ హార్లన్ ముందు తగ్గే రకం కాదు. ఎక్కి కూర్చున్నాడు. గేరు వేశాడు.

దుంగ రెండు బారలు బాగానే వచ్చింది. దారి ఎత్తు ఎక్కడం మొదలవగానే దాని మూతి మంచు కింద వేరులో ఇరుక్కుంది. ఇంజను గుర్రుమంది. వెనక చక్రాలు పట్టు వదల్లేదు. ముందు చక్రాలు నెమ్మదిగా, ఎవరో కింద చెయ్యి పెట్టి ఎత్తినట్టుగా, మోకాలెత్తు లేచాయి. నడుమెత్తు లేచాయి. ఓరిన్ ఒళ్ళంతా బిగుసుకుపోయి, తెలిసి కాదు, భయానికే, ఎడమ కాలు క్లచ్ మీద తన్నిపెట్టింది. చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి. ఇంజను ఆగిపోయింది.

హార్లన్ గ్లాసు బానెట్ మీద పెట్టి చప్పట్లు కొట్టాడు. "అచ్చం ఎల్విన్" అన్నాడు. "అచ్చం ఎల్విన్ రా నువ్వు."

వెర్నా జన్మలో ఏ మనిషినీ అంత అసహ్యించుకోలేదు. కుళ్ళిన ఎలుకని చూసినట్టు చూసింది అతన్ని. ఆ తర్వాత ట్రాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఓరిన్ దిగడం లేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, వంగిన చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. టోపీ ఒళ్ళో ఎందుకు పెట్టుకున్నాడో వాసన చెప్పింది. ఆమె హార్లన్‌కు కనబడకుండా అడ్డంగా నిలబడింది.

"నాన్న బట్టలు సంచీలో వేసి నా చేతికిచ్చారు ఆసుపత్రిలో" అంది మెల్లగా. "అవీ ఇలాగే ఉన్నాయి. ఇంతకంటే అధ్వానంగా ఉన్నాయి."

ఓరిన్ తల తిప్పి చూశాడు. "ఎవరూ చెప్పలేదే."

"ఆ బట్టలేమయ్యాయని ఒక్కడన్నా అడిగాడా? మీకు ఇంజను సంగతి చాలు. నేను పెరట్లో కూర్చుని ఉతికాను. తర్వాత తగలబెట్టాను."

అతను ట్రాక్టరు దిగాడు. తర్వాత, "స్పానర్ ఇవ్వు" అన్నాడు. రెండు బోల్టులూ తనే విప్పి, కొక్కేన్ని మంచులో పారేశాడు. గునపాలతో దుంగ మూతిని ఎత్తి బల్ల మీదకి ఎక్కించారు. గొలుసుని పొట్టిగా కింద కడ్డీకి తగిలించారు. వెర్నా దారంతా ముందు నడిచి, కాలితో మంచు తన్ని, వేర్లేవో మొద్దులేవో చూసి పక్కకి తప్పించింది. అన్నిటికంటే చిన్న గేరులో, ముసలామె గుడికి పోయినట్టు, దుంగ పైకొచ్చింది. చూడ్డానికి అందులో ఏమీ లేదు. హార్లన్ మధ్యలోనే మిగిలిన కాఫీ పారబోసి బయల్దేరాడు. పోతూ పోతూ మంచులోంచి కొక్కేన్ని ఏరుకుని, చొక్కాకి తుడుచుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ ఏడు రసం బాగా దిగింది. ఆఖరి పాకం కాచడం అయ్యాక చర్చి హాల్లో ఎప్పటిలాగే విందు జరిగింది. పళ్ళేల్లో మంచు, మంచు మీద కాగిన పాకం, నోటి తీపి విరగడానికి పుల్లటి దోసకాయ ఊరగాయ. హార్లన్ లేచాడు. చేతిలో కొక్కెం. బాగా తోమి, మెరుగుపెట్టి తెచ్చాడు.

"ఎల్విన్ది ఇది. మొన్న మళ్ళీ పనిచేసింది. చక్రాలు ఇంతెత్తు లేచాయి. మా ఓరిన్ చెక్కు చెదిరితే ఒట్టు. నవ్వుతూ కూర్చున్నాడు."

చప్పట్లు మొదలవుతుండగా ఓరిన్ లేచాడు. వెర్నా పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది.

"నేను నవ్వలేదు" అన్నాడు. "ఉచ్చ పోసుకున్నాను."

కొందరు నవ్వారు. అతను నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. "జోకు కాదు. నాన్నకీ అంతే అయింది, ఇంకా ఎక్కువే అయింది. ఆ బట్టలు వెర్నా ఉతికింది. మగాడి చావూ కాదు, మొండితనమూ కాదు. గొలుసు తప్పు చోట కట్టి చచ్చిపోయాడు. నేను కూడా చచ్చేవాణ్ణే."

హాల్లో ఫోర్కులు ఆగిపోయాయి. హార్లన్ చేతిలో కొక్కెం దించాలో ఎత్తి పట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

"తినే చోట ఏం మాటలురా ఇవి" అన్నాడు చివరికి. "రోత."

"రోతే హార్లన్" అంది వెర్నా. "ఇన్నేళ్ళూ నేను తినే చోటే విన్నాను."

ఆమె పళ్ళెం తీసుకుని వడ్డించే బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇంకొంచెం పాకం పోయమంది, ఊరగాయ ముక్క కూడా వేయించుకుంది. తిరిగొచ్చి తమ్ముడి పక్కన కూర్చుని అంతా తింది.