మా ఆయన నూడిల్స్ బండి

క్యాబేజీ సన్నగా తరగాలి. వెంట్రుకంత సన్నగా అంటాడు మా ఆయన. ఎవరి వెంట్రుకో చెప్పడు. తెల్లారకముందే కత్తిపీట ముందు కూర్చుంటే క్యాబేజీ అయ్యాక క్యారెట్, క్యారెట్ అయ్యాక క్యాప్సికం, అదయ్యాక ఉల్లికాడలు. ఈలోగా పొయ్యి మీద నూడిల్స్ ఉడుకుతుంటాయి. ఒక్క నిమిషం ఆదమరిస్తే ముద్దయిపోతాయి. వార్చి, చన్నీళ్ళు పోసి, నూనె పట్టించి పళ్ళేల్లో ఆరబెట్టాలి. తర్వాత ఎర్ర సాస్. మిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లి వేసి రుబ్బి, నూనెలో పచ్చివాసన పోయేదాకా కలబెట్టి, వెనిగర్ పోసి దించాలి. అప్పుడు ఇంటిల్లిపాదికీ టిఫిను, మా అత్తకి మాత్రలు, చీర కుచ్చిళ్ళు పోసుకుంటూనే నేను తెలుగు చెప్పే బడికి పరుగు. ఇదంతా మా ఇంట్లో పని కింద లెక్క కాదు. పనంటే సాయంత్రం పూట మా ఆయన పట్నం బజారు చివర బండి పెట్టి మూకుడు ఎగరెయ్యడం. "వాడు మంట దగ్గర నిలబడి చస్తున్నాడే, నువ్వు నీడపట్టున కూర్చుని తరిగేదేగా" అంటుంది మా అత్త ఖాదర్‌బీ. ఆమెకి రోజూ కొత్తగానే అనిపిస్తుంది కాబోలు, రోజూ అంటుంది.

మా మామ దూదేకి పరుపులు కుట్టేవాడు. షాపుల్లో ఫోమ్ పరుపులు వచ్చిపడ్డాక ఆ పని పోయింది, ఆ బెంగతోనే ఆయనా పోయాడు. మా ఆయన షఫీక్ కొన్నాళ్ళు ఆటో తోలాడు, కొన్నాళ్ళు ఖాళీగా తిరిగాడు, చివరికి ఈ ఫాస్ట్ ఫుడ్ బండి పెట్టాడు. మొదట్లో సీసా సాస్ కొనుక్కొచ్చి వేసేవాడు. గుంటూరు నాలుకకి ఆ తియ్యటి సాస్ ఎక్కడ ఆనుతుంది? బండి దగ్గర ఈగలు తోలుకుంటూ ఉండేవాడు. నేనే ఒక ఆదివారం కూర్చుని రంగుకి కారం తక్కువుండే బ్యాడిగి కాయలు వేసి, ఒక్క చెంచాడు ఘాటైన తేజ కారం కలిపి ఈ సాస్ పట్టాను. ఆ వారంలోనే జనం పెరిగారు. ఇప్పుడాయన్ని బజారంతా షఫీక్ మాస్టర్ అంటారు. ఇంటికొచ్చి ఆ సంగతులన్నీ చెబుతాడు, ఎవరు ఎలా లొట్టలు వేశారో, ఎవరు రెండో ప్లేటు అడిగారో. నేను చల్లారిన అన్నం కలుపుకుంటూ వింటాను. ఒకసారి నేనూ వచ్చి చూస్తానంటే, "నువ్వెందుకే అక్కడికి? కుర్రాళ్ళు గుమిగూడే చోటు. మనింటి ఆడోళ్ళు బజార్లో నిలబడి తింటారా?" అన్నాడు. మనింటి ఆడవాళ్ళు చేసింది మాత్రం బజారంతా నిలబడి తినొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నిన్న అన్నం తింటూ ఇంకో సంగతి చెప్పాడు. బ్రాడీపేటలో రెండో బండి పెడతాడట. దాని దగ్గర స్నేహితుడెవరో నిలబడతానన్నాడట. "అందుకని ఈ బడి గొడవ మానెయ్ నసీమా. వాళ్ళిచ్చేది ఏ మూలకొస్తుంది చెప్పు. ఇంట్లోనే రెండు బళ్ళ పనీ చూసుకోవచ్చు. హాయిగా ఉంటావు" అన్నాడు. మా అత్త వెంటనే అందుకుంది. "నేనెప్పట్నుంచో అంటున్నా. ఇంట్లో ఇంత పని పెట్టుకుని ఊళ్ళో పిల్లలకి చదువు చెప్పేదేంటి?" అంది. మా హెడ్మిస్ట్రెస్ జయకుమారి మేడమ్ అప్పటికే అడిగి ఉన్నారు. వచ్చే ఏడు ఎనిమిది, తొమ్మిది తరగతుల తెలుగు నాకే ఇస్తానని, ఉంటానో మానతానో ఈ వారంలోగా ఖాయంగా చెప్పమని. ప్రత్తిపాడులో మా నాన్న చుట్టాలంతా నవ్వుతున్నా నన్ను బి.ఇడి. దాకా చదివించాడు. బోర్డు ముందు నిలబడి పద్యం ఎత్తుకుంటే క్లాసంతా నోళ్ళు మూసుకుని వింటుంది. ఇరవైనాలుగు గంటల్లో నా మాట ఎవరైనా వినేది ఆ కాసేపే. అది కూడా మానెయ్యమంటే నన్ను నేనెక్కడ పెట్టుకోవాలో నాకు తోచలేదు. అటు దొర్లాను, ఇటు దొర్లాను, మానేస్తానని ఒకసారీ మాననని ఒకసారీ చెప్పుకున్నాను. ఆయన గురక పెట్టి పడుకున్నాడు.

పొద్దున లేచేసరికి కరెంటు లేదు. చీకట్లోనే అటక మీది డబ్బా దించి మిరపకాయలు నానబెట్టాను, క్యాండిల్ వెలుగులో మిగతావి తరిగాను. కరెంటొచ్చాక మిక్సీలో వేసి తిప్పాను. ఘాటుకి దగ్గొచ్చింది గానీ రోజూ వచ్చే దగ్గేలే అనుకున్నాను. రుచి చూడలేదు. మా ఇంట్లో మగాడు తినకముందు వంట నాలిక మీద పెట్టుకోకూడదు, అది మా అత్త పెట్టిన నియమం, బండి సరుక్కి కూడా వర్తిస్తుంది. అయినా ఆ పూట నేను చేసేదేంటో నేనే చూడలేదు. జయకుమారి మేడమ్‌కి ఏం చెప్పాలో లోపల్లోపల కూడబలుక్కుంటున్నాను.

ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాస్తుంటే వేళ్ళు మండాయి. సుద్దముక్క పట్టుకోలేకపోయాను. చీర కొంగుకి తుడిచాను, కుళాయి కింద పెట్టాను, మంట తగ్గలేదు. బ్యాడిగి కాయ ఇంత మండదు. మా అత్త మొన్న కాయలు ఎండబెట్టి డబ్బాలు అటూ ఇటూ మార్చినట్టుంది. చీకట్లో నేను నానబెట్టింది అచ్చంగా తేజ కాయలు. మా ఊరి పిల్లలకి కూడా తెలుసు ఆ రెంటికీ తేడా. ముడతలు పడ్డది బ్యాడిగి, నున్నగా సన్నగా ఉండేది తేజ. మిరప చేల మధ్య పుట్టినదాన్ని, తడిమి చెప్పాల్సినదాన్ని, నేను పొరబడ్డాను. పోయినేడు నూడిల్స్ ముద్దయిన రోజు ఆయన పళ్ళెం గోడకేసి కొట్టాడు, నేను అరగంటసేపు గోడ తుడిచాను.

బడి వదలగానే మహిమకి చెప్పాను. ఆమె మా బళ్ళో లెక్కల టీచర్, చర్చిలో పాటలు పాడుతుంది, దేనికీ భయపడదు. "దానికంత ఏడుపు మొహం ఎందుకు? టమాటా సాస్ సీసా కొనుక్కెళ్ళి కలిపితే కారం విరుగుతుంది. పద" అంది. "బండి దగ్గరికి రావద్దన్నాడు" అన్నాను. "నోరు కాలిన జనం తిట్టేదాకా ఊరుకుంటావా మరి?" అంది. సీసా కొని సంచిలో వేసుకుని పట్నం బజారు వెళ్ళాం. అరటిపళ్ళ బళ్ళు, స్టీలు సామాన్ల కొట్లు, రిక్షాల బెల్లులు. ఆ సందడి చివర ఎర్ర రంగు బండి, దాని మీద పెద్దక్షరాలతో షఫీక్ చైనీస్ ఫాస్ట్ ఫుడ్ అని ఉంది. ఆ మూకుడూ, ఆ స్టీలు డబ్బాలూ పొద్దున నేను తోమినవే. వాటిని అక్కడ చూస్తుంటే పుట్టింటి వాళ్ళు కనపడినట్టయింది.

జనం బాగానే ఉన్నారు. నేను కరెంటు స్తంభం పక్కన ఆగాను. ఆయన నన్ను చూడలేదు. స్కూటర్ మీద పెళ్ళాం పిల్లతో వచ్చినతను ప్లేటు పట్టుకుని బండి దగ్గరికొచ్చాడు. "ఏంటి మాస్టారూ, నోరు కాలిపోయింది. పిల్ల ఒకటే ఏడుపు" అన్నాడు. మా ఆయన చేతులు జోడించాడు. అంత వినయం నేనెప్పుడూ చూడలేదు. "ఏమనుకోకండి సార్. సాస్ ఇంట్లో ఆడోళ్ళు చేస్తారు. ధ్యాస ఉండదండి, పొద్దున లేస్తే బడీ గిడీ అంటూ పరుగు. ఎంత చెప్పినా బుర్రకెక్కదు. పాపకి సాస్ లేకుండా ఇంకోటి వేసిస్తాను, కూర్చోండి" అన్నాడు. మహిమ నా చెయ్యి పట్టుకుంది. నేను సంచిలో సీసా కోసం తడుముకుంటున్నాను, నిజంగా తప్పు నాదే కదా అనుకుంటున్నాను.

అంతలో మిర్చి యార్డు నుంచి బస్తాలు కాటా వేసేవాళ్ళు నలుగురైదుగురు చెమటలు తుడుచుకుంటూ బండి చుట్టూ చేరారు. ఒకతను సగం ప్లేటు తినేసి కళ్ళల్లో నీళ్ళతోనే నవ్వుతున్నాడు. "అబ్బ, కారమంటే ఇదయ్యా. ఇన్నాళ్ళూ మాకు చప్పిడి కూడు పెట్టావు. ఎవరు చేశారు ఈ సాస్?" అన్నాడు. మా ఆయన మూకుడు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. "ఎవరు చేస్తారు బాబాయ్, నేనే. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా, నిన్న కూర్చుని పట్టా. ఇది మన సొంత తయారీ. బ్రాడీపేట బండి మీద కూడా ఇదే" అన్నాడు.

మహిమ నా మొహం చూడలేక బజారు వైపు తిరిగింది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది, వేళ్ళ మంట దాని ముందు ఏపాటి. నేను పట్టిన ఆ ఒక్క సాసే రెండు ప్లేట్లలోకి పోతే, తిట్టిన ప్లేటు నాదీ మెచ్చిన ప్లేటు ఆయనదీ అయ్యాయి. తప్పయితే నేనున్నాను, ఒప్పయితే లేను. ఇన్నేళ్ళుగా ఆయన ఇంటికొచ్చి చెప్పిన లొట్టల కథలన్నిట్లోనూ నేను లేకుండానే ఉన్నానన్నమాట. రెండో బండి వస్తే రెండు చోట్ల లేకుండా ఉంటాను. సంచి మూసేసి, సరాసరి వెళ్ళి ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఒక ప్లేటు ఇవ్వండి" అన్నాను.

ఆయన చేతిలో గరిట ఆగిపోయింది. చుట్టూ చూశాడు. నువ్వెందుకొచ్చావని అందరి ముందూ అడగలేడు, నా పెళ్ళామని చెప్పనూలేడు, ఇప్పుడే బుర్రలేనిదన్నాడు కదా. "కూర్చోండి మేడమ్" అన్నాడు చివరికి. మేడమ్. భుజం మీది తువ్వాలుతో నా ముందున్న బల్ల తుడిచాడు. గ్లాసు కడిగి నీళ్ళు పెట్టాడు. ప్లేటు రెండు చేతులతో అందించాడు. పొగలు కక్కుతోంది. తిన్నాను. నాలిక మీద మంట, చెవుల్లోంచి ఆవిర్లు, ముక్కు కారింది, కానీ క్యాబేజీ కరకరలాడుతోంది, నూడిల్స్ దేనికది విడివిడిగా ఉన్నాయి, వెల్లుల్లి కమ్మగా తగిలింది. నా వంట వేడిగా ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. మెల్లిగా, ఒక్క పోగు కూడా వదలకుండా తిన్నాను. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. మా అత్త ఏమంటుందో తెలుసు. భయం వెయ్యలేదని చెప్పను, వేసింది. భయంతోనే ప్లేటు ఖాళీ చేశాను.

ప్లేటు తియ్యడానికి వచ్చి ఆయన నా మీదకి వంగాడు. గొంతు తగ్గించి, ఇంట్లో ఎన్నడూ వినని మెత్తదనంతో, "ఏ కాయ వేశావే? రేపు యార్డు వాళ్ళు ఇంకా మందిని తీసుకొస్తామంటున్నారు. ఇంతకింతా చెయ్యాలి, తెల్లారుజామునే లే" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. మిర్చి యార్డు వాళ్ళూ, స్కూటరతనూ, అతని భార్యా అందరూ వినేట్టుగా, బళ్ళో వెనక బెంచీకి చెప్పే గొంతుతో అన్నాను.

"మీరు పట్టిన సాస్ గురించి నన్నడుగుతారేంటి మాస్టారూ? రేపటి నుంచి కూడా మీరే పట్టుకోండి. నాకు బడి ఉంది."